మాసాయి మారాలో జంతువులను చూడటం ఎలా? నెల్లూరు, ఒంగోలు వైపు నుంచి వెళ్లేవాళ్లకు

మాసాయి మారాకు వెళ్లొచ్చినవాళ్ల నోట తరచూ వినపడే మాట: "సింహాన్ని చూశాం గానీ, పడుకునే ఉంది." అందులో సింహం తప్పేమీ లేదు. అది రోజులో 20 గంటల దాకా పడుకునే జంతువు. అది లేచి నడిచే ఆ కాస్త సమయంలో మన బండి దాని దగ్గర ఉందా, లేక ఇంకేదో చూడటానికి 30 కిలోమీటర్ల అవతల దుమ్ము రేపుకుంటూ పోతోందా అన్నదే అసలు లెక్క. జంతువులను తనివితీరా చూడాలంటే బండిని తిప్పడం తగ్గించి, ఆపడం నేర్చుకోవాలి. ఎక్కడ ఆపాలో తెలియడానికి కొన్ని గుర్తులున్నాయి. అలా ఆపుకునే తీరిక దొరకడానికి ఇంటి దగ్గరే చేసుకోవలసిన ఏర్పాట్లూ ఉన్నాయి. ముందు ఏర్పాట్లు చూద్దాం.

ఏ సెలవుల్లో వెళ్లాలి

మారా కెన్యాలో, భూమధ్యరేఖకు కాస్త దిగువన, సుమారు 1,500 చదరపు కిలోమీటర్ల గడ్డి మైదానం. దాని దక్షిణపు హద్దుకు ఆనుకొని టాంజానియాలోని సెరెంగెటి ఉంది. మధ్యలో కంచె లేదు. దాదాపు 13 లక్షల వైల్డ్‌బీస్ట్‌లు (ఎద్దును పోలిన పెద్ద జింకలు), వాటి వెంట చారల గుర్రాలు, గజెల్ జింకలు వాన పడిన చోటల్లా పచ్చిక వెతుక్కుంటూ ఈ రెండింటి మధ్య ఏడాది పొడవునా తిరుగుతుంటాయి. మారా వైపు అవి ఉండేది సాధారణంగా జులై నుంచి అక్టోబరు దాకా. ఇంత తేదీకి వస్తాయని ఎవరూ రాసివ్వలేరు, వాన ఎటు పడితే మంద అటు.

మన పిల్లల సెలవులతో ఇది ఇలా కుదురుతుంది. దసరా సెలవులు మందలు ఇంకా మారాలో ఉండే సమయం. జులైలో నడుం దాకా ఉండే గడ్డిని అప్పటికి మందలు మేసేసి ఉంటాయి కాబట్టి సింహాలు, చీతాలు కంటికి బాగా ఆనతాయి. మందలు మారా నది దాటే దృశ్యం ఒక్కటే లక్ష్యమైతే ఆగస్టు మంచిది. మొత్తంగా అన్ని జంతువులనూ చూడాలనుకుంటే సెప్టెంబరు చివర మేలు.

సంక్రాంతి సెలవులను చాలామంది పట్టించుకోరు గానీ, జనవరి, ఫిబ్రవరి నెలలు మారాలో మంచి పొడి రోజులు. పెద్ద మందలు అప్పుడు దక్షిణ సెరెంగెటిలో ఈనుతుంటాయి. అయినా మారాలో స్థిరంగా ఉండే సింహాలు, ఏనుగులు, జిరాఫీలు, చిరుతలు ఎక్కడికీ పోవు. బండ్ల రద్దీ తక్కువ. రుసుములోనూ తేడా పెద్దదే: విదేశీ పెద్దలకు 2024 నుంచి మారా ప్రవేశ టికెట్టు రోజుకు జనవరి-జూన్‌లో 100 డాలర్లు, జులై-డిసెంబరులో 200 డాలర్లు. నలుగురు పెద్దవాళ్లున్న కుటుంబానికి నాలుగు రోజులకు ఈ ఒక్క పద్దులోనే 1,600 డాలర్ల తేడా వస్తుంది. బుక్ చేసే రోజున తాజా రేటు మరోసారి అడిగి తెలుసుకోండి.

వేసవి సెలవుల్లో మాత్రం వద్దు. మార్చి చివర నుంచి మే దాకా అక్కడ పెద్ద వానలు. మారాలో చాలా భాగం నల్లరేగడి నేల. ఒంగోలు చుట్టుపక్కల పొగాకు చేలల్లో వాన పడ్డాక ట్రాక్టరు ఎలా దిగబడుతుందో చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. నాలుగు చక్రాలూ తిరిగే ల్యాండ్ క్రూయిజర్ కూడా అందులో గంటలకొద్దీ ఇరుక్కుంటుంది.

ఎన్ని రాత్రులు, ఎన్ని చోట్లు

ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు. ఆరు రాత్రుల్లో అంబోసెలి, నైవాషా, నకురు, మారా అన్నీ చుట్టించే ప్యాకేజీ కాగితం మీద బాగుంటుంది. తీరా చూస్తే రోజుకు ఐదారు గంటలు రోడ్డు మీదే పోతాయి. అదీ జంతువులు తిరిగే పొద్దుటి పూటే ప్రయాణం పెడతారు. మారాలో కనీసం మూడు రాత్రులు, కుదిరితే నాలుగు ఉండండి. మిగిలిన రాత్రులకు ఒకే ఒక చోటు కలుపుకోండి. ఏనుగుల గుంపులూ వాటి వెనక కిలిమంజారో శిఖరమూ కావాలంటే అంబోసెలి, ఖడ్గమృగం తప్పక కనపడాలంటే నకురు లేదా ఓల్ పెజెటా. మారాలోనూ నల్ల ఖడ్గమృగాలున్నాయి గానీ బాగా తక్కువ, పైగా పొదల్లో దాక్కునే రకం.

రాజహంసల (ఫ్లెమింగోల) కోసమే నకురు వెళ్లాలనుకుంటే ఆగి ఆలోచించండి. అక్కడివి ఎక్కువగా చిన్న రకం. ఉప్పునీటి సరస్సులో పెరిగే నాచును తింటాయి. ఇటీవలి సంవత్సరాల్లో నకురులో నీటిమట్టం బాగా పెరిగి ఉప్పు పలచబడింది. పక్షులు వేరే సరస్సులకు చెదిరిపోతున్నాయి. అటకానితిప్ప దగ్గర పులికాట్ ఒడ్డున శీతాకాలంలో కనపడేవి పెద్ద రకం రాజహంసలు. వాటిని చూసినవాళ్లు దీనికోసం ఒక రోజు ఖర్చు పెట్టనవసరం లేదు.

మారా నుంచి నేరుగా సెరెంగెటిలోకి పర్యాటకుల బండిని దాటనివ్వరు. చుట్టు తిరిగి సరిహద్దు చెక్‌పోస్టు మీదుగా వెళ్లాలి, టాంజానియా వీసా వేరే తీసుకోవాలి. వారం రోజుల ప్రయాణంలో రెండు దేశాలు పెట్టుకోవద్దు.

డబ్బు కాస్త ఎక్కువ పెట్టగలిగితే రిజర్వును ఆనుకొని ఉన్న కన్జర్వెన్సీల్లో, అంటే మారా నార్త్, నబోయిషో, ఓలారె మొటొరోగి లాంటి చోట్ల బస చేయండి. అవి మాసాయి కుటుంబాలు కౌలుకిచ్చిన భూములు. అక్కడ బస చేసినవాళ్ల బండ్లు తప్ప వేరేవి రావు. రిజర్వులో ఒప్పుకోని రాత్రి సఫారీ, గైడు తోడుగా కాలినడక అక్కడ ఉంటాయి.

బయల్దేరే ముందు

ఎల్లో ఫీవర్ టీకా అన్నిటికన్నా ముందు. కెన్యా నుంచి తిరిగొచ్చేటప్పుడు మన విమానాశ్రయంలో ఈ కార్డు అడుగుతారు. లేకపోతే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచే నిబంధన ఉంది. టీకా వేసిన 10 రోజులకు గానీ కార్డు చెల్లుబాటు కాదు, కాబట్టి ప్రయాణానికి నెల ముందే వేయించుకోండి. ఒక్కసారి వేయించుకుంటే జీవితాంతం చెల్లుతుంది. ఇది వీధి చివరి క్లినిక్‌లో దొరకదు, గుర్తింపు ఉన్న కేంద్రాల్లోనే వేస్తారు. నెల్లూరు, ఒంగోలు వాళ్లకు అందుబాటులో ఉన్నది చెన్నై గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్. పాస్‌పోర్టు వెంట తీసుకెళ్లాలి. గుడ్డు పడనివాళ్లు, గర్భిణులు, 60 దాటినవాళ్లు ముందు డాక్టరుతో మాట్లాడాలి. మారాలో మలేరియా ఉంది. నివారణ మాత్రలు ఏవి, ఎన్నాళ్లు అన్నదీ అప్పుడే అడగండి. కొన్ని మాత్రలు తిరిగొచ్చాక కూడా వాడాలి, మధ్యలో మానేస్తే వేసుకున్న ఫలితం పోతుంది.

కెన్యాకు 2024 జనవరి నుంచి వీసా బదులు ఆన్‌లైన్‌లో ఈటీఏ అనుమతి తీసుకోవాలి. రెండు వారాల ముందే దరఖాస్తు పెడితే నిశ్చింత. చెన్నై నుంచి ముంబై మీదుగానో, గల్ఫ్ నగరాల మీదుగానో నైరోబీ చేరవచ్చు. ముంబై-నైరోబీ ఆరు గంటల ప్రయాణం. మన సమయం అక్కడికంటే రెండున్నర గంటలు ముందు. అక్కడ ఉదయం 5 అంటే నెల్లూరులో ఏడున్నర, అందుకే తెల్లారుజామున లేవడం మనవాళ్లకు కష్టమనిపించదు. ఈ వరాన్ని పూర్తిగా వాడుకోండి.

పొడులు, పచ్చళ్లు, కారప్పూస తీసుకెళ్లేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. కెన్యాలో 2017 నుంచి ప్లాస్టిక్ క్యారీ బ్యాగులు నిషేధం. 2020 నుంచి రిజర్వుల్లోకి ఒకసారి వాడి పారేసే నీళ్ల సీసాలు కూడా తీసుకెళ్లకూడదు. అన్నీ స్టీలు డబ్బాల్లో, గుడ్డ సంచుల్లో సర్దండి, మనిషికో స్టీలు నీళ్ల సీసా పెట్టుకోండి. నైరోబీ నుంచి చిన్న విమానంలో మారా వెళ్తే సామాను మనిషికి 15 కిలోలే, అదీ మెత్తటి సంచిలో. గట్టి సూట్‌కేసు ఆ విమానం డిక్కీలో పట్టదు. ప్లగ్గు అక్కడ మూడు పలక పిన్నులది, అడాప్టర్ కావాలి.

ఆఫ్రికా అనగానే ఎండ అనుకుని పలచటి చొక్కాలే సర్దుకునేవాళ్లు మొదటి రోజే వణుకుతారు. మారా సముద్రమట్టానికి 1,500 మీటర్లకు పైనే ఉంది. తెల్లారుజామున 12 డిగ్రీల దగ్గర ఉంటుంది, పైకప్పు తెరిచిన బండిలో గాలి ఇంకా కోస్తుంది. స్వెట్టరు, మఫ్లరు, వాటి పైన గాలి ఆపే జాకెట్టు. పది గంటలకు ఒక్కొక్కటే తీసేయవచ్చు. రంగులు మట్టి, గోధుమ, ఆకుపచ్చ. ముదురు నీలం, నలుపు సెట్సీ ఈగలను పిలుస్తాయి, వాటి కాటు దళసరి గుడ్డలోంచి కూడా దిగుతుంది. సైనికుల దుస్తుల్లాంటి మచ్చల బట్టలు మాత్రం వద్దు, అవి చిక్కులు తెస్తాయి.

బైనాక్యులర్: ఇంటికొకటి చాలదు

కెమెరాకు లక్షలు పెట్టి, బైనాక్యులర్ ఒకటే కొని ఆరుగురు చేతులు మార్చుకోవడం చాలా కుటుంబాల్లో జరిగే పొరపాటు. చీతా పరుగు నిమిషం లోపే అయిపోతుంది. చేతులు మారేలోపు చూడటానికి ఏమీ మిగలదు. మనిషికొకటి, కనీసం ఇద్దరికొకటి ఉండాలి.

8x42 అని రాసి ఉన్నది తీసుకోండి. 8 అంటే ఎనిమిది రెట్లు దగ్గరగా కనపడుతుంది. 42 అంటే ముందు అద్దం వెడల్పు, మిల్లీమీటర్లలో. 42ను 8తో భాగిస్తే 5.25 వస్తుంది. కంటిలో పడే గుండ్రటి వెలుగు, అంటే వెలుగు పూస, అన్ని మిల్లీమీటర్ల వెడల్పు అన్నమాట. తెల్లారుజామున మన కంటిపాప కూడా ఇంచుమించు అంతే తెరుచుకుంటుంది, అందుకే బొమ్మ వెలుతురుగా ఉంటుంది. జేబులో పట్టే 10x25 అయితే ఆ పూస రెండున్నర మిల్లీమీటర్లే. మధ్యాహ్నం బాగానే ఉంటుంది, సింహాలు తిరిగే మసక వెలుతురులో నల్లగా కనపడుతుంది. 12 రెట్లు, 16 రెట్లు అని ఆశపడితే చేతి వణుకు కూడా అన్ని రెట్లు పెరుగుతుంది.

సరిచేసుకునే పద్ధతి ఇది. రెండు గొట్టాలను విప్పుతూ, ముడుస్తూ రెండు వలయాలు ఒకటిగా కలిసే దాకా తిప్పండి. కళ్లద్దాలున్నవాళ్లు కంటి దగ్గరి రబ్బరు కప్పులను లోపలికి నొక్కాలి, లేనివాళ్లు బయటికి లాగాలి. తర్వాత దూరంగా ఉన్న బోర్డును చూస్తూ, కుడి కన్ను మూసి మధ్య చక్రంతో ఎడమ కంటికి స్పష్టంగా చేసుకోండి. ఇప్పుడు ఎడమ కన్ను మూసి, చక్రాన్ని ముట్టుకోకుండా, కుడి గొట్టం దగ్గరుండే చిన్న రింగు తిప్పి కుడి కంటికి స్పష్టం చేసుకోండి. ఆ రింగు ఏ గీత మీద ఉందో గుర్తుపెట్టుకోండి. ఇక మీదట మధ్య చక్రం ఒక్కటే తిప్పాలి.

దీన్ని మారాలో నేర్చుకోవద్దు. 2022లో తిరుపతి జిల్లాలో కలిసిన నేలపట్టు పక్షుల కేంద్రం మనకు అందుబాటులోనే ఉంది. అక్టోబరు నుంచి మార్చి మధ్య ఒక పూట వెళ్లి వాచ్‌టవర్ ఎక్కండి. చెరువులో కడప చెట్ల మీద గూడబాతులు, నత్తగుల్ల కొంగలు గూళ్లు కట్టుకుని ఉంటాయి. మొదట గూళ్లలో ఉన్నవాటిని చూడండి, తర్వాత చేపతో తిరిగొచ్చే గూడబాతును గాలిలోనే పట్టి, అది చెట్టు మీద వాలేదాకా వదలకుండా వెంబడించండి. కిటుకు ఒకటే: పక్షి మీద నుంచి చూపు తీయకుండా బైనాక్యులర్‌ను కళ్ల దగ్గరికి తీసుకురావాలి. దించి చూసి, ఎత్తి వెతికితే దొరకదు. ఇరవై సార్లు చేస్తే చేతికి అలవాటవుతుంది.

ఇంకో అలవాటు కూడా ఇంటి దగ్గరే చేసుకోండి. బండి ముక్కును గడియారంలో 12 అనుకోండి. కుడి 3, వెనక 6, ఎడమ 9. "అదిగో, అక్కడ" అని అరిస్తే ఎవరికీ కనపడదు. "10 గంటల వైపు, ఒంటరి చెట్టుకు ఎడమగా, రెండో పుట్ట పక్కన" అంటే అందరి చూపూ ఒకేసారి అక్కడ పడుతుంది. పిల్లలు దీన్ని పెద్దవాళ్లకన్నా త్వరగా పట్టుకుంటారు.

బండి, డ్రైవరు

పైకప్పు లేచే ల్యాండ్ క్రూయిజర్ అడగండి. మినీవ్యాన్ చవక, కానీ నేల నుంచి ఎత్తు తక్కువ, బురదలో పనికిరాదు. ప్రతి ఒక్కరికీ కిటికీ సీటు ఉంటుందని రాతపూర్వకంగా తీసుకోండి. నడుం నొప్పి ఉన్న పెద్దవాళ్లను వెనక ఇరుసు మీది సీటులో కూర్చోబెట్టవద్దు, కుదుపంతా అక్కడే ఉంటుంది.

డ్రైవరే గైడు, ప్రయాణం మంచిచెడ్డలు సగం అతని చేతిలో ఉంటాయి. పర్యాటకులందరూ ఐదు పెద్ద జంతువులనూ (సింహం, చిరుత, ఏనుగు, అడవిదున్న, ఖడ్గమృగం) మొదటి రోజే చూపించమంటారు కాబట్టి, రేడియోలో కబురు వచ్చిన చోటికల్లా పరుగెత్తడం అతనికి అలవాటు. మొదటి పొద్దునే చెప్పండి: జాబితా పూర్తి చేయాలని మాకు లేదు, దొరికినదాని దగ్గర ఎంతసేపైనా ఉంటాం అని. ఈ మాట విన్న గైడు ముఖం వెలిగిపోతుంది, తనకు తెలిసినదంతా అప్పుడు బయటికి తీస్తాడు. స్వాహిలీ మాటలు కొన్ని తెలిస్తే రేడియోలో ఏం నడుస్తోందో మీకూ అందుతుంది: సింబా సింహం, చుయి చిరుత, దూమ చీతా, టెంబో ఏనుగు, కిఫారు ఖడ్గమృగం, న్యాతి అడవిదున్న, ట్విగా జిరాఫీ, ఫిసి దుమ్ములగొండి, కిబోకో నీటిగుర్రం. "పోలే పోలే" అంటే మెల్లగా.

చూసేవాటిని చూడండి

ఉదయం 6 గంటలకు గేటు తెరిచే సరికి అక్కడ ఉండాలి. పొద్దు పొడిచేది ఆరున్నర ప్రాంతంలో. ఆ మొదటి రెండు గంటలూ బంగారం. బ్రేక్‌ఫాస్టు చేసి 8కి బయల్దేరడమంటే తెర దించాక నాటకానికి పోవడమే. టిఫిను డబ్బా కట్టించుకుని బండిలోనే తినండి. మళ్లీ సాయంత్రం 4 నుంచి పొద్దుగూకే దాకా.

మొదటి గంటలో నేల మీద చూడవలసింది దుమ్ములగొండులను, నక్కలను. రెండు మూడు ఒకే దిక్కుగా తలెత్తి పరుగుతీస్తుంటే అటు ఎక్కడో వేట పడింది. పొద్దు బారెడెక్కి నేల వేడెక్కితే గానీ రాబందులు పైకి లేవవు. లేచాక వాటిని చదవడం నేర్చుకోండి. గుండ్రంగా తిరుగుతున్నాయంటే వెతుకుతున్నాయి, దానికి పరుగెత్తనక్కర్లేదు. రెక్కలు ముడిచి, కాళ్లు దించి, ఒకదాని వెనక ఒకటి ఒకేచోటికి జారుతున్నాయంటే కింద తాజా కళేబరం ఉంది. చెట్ల మీద వరుసగా కూర్చుని కిందకు దిగకుండా ఉన్నాయా, అక్కడికి వెంటనే పోనివ్వమనండి. తినేది ఇంకా కళేబరం మీదే ఉంది, అందుకే అవి దిగలేదు.

మేసే జంతువులను దాటిపోకండి, మీకు కబురు చెప్పేవి అవే. మందలో తలా ఒక దిక్కుగా మేస్తుంటే అక్కడ భయం లేదు. మేత ఆపి, అన్నీ చెవులు రిక్కించి ఒకే వైపు చూస్తుంటే ఆ చూపుల గీత పట్టుకుని బైనాక్యులర్‌తో వెళ్లండి. జిరాఫీ చూపు మరీ నమ్మకమైనది, అది మనకన్నా రెండంతస్తుల ఎత్తు నుంచి చూస్తోంది. పుట్ట మీద ఒంటరిగా నిలబడిన, టోపి అనే రకం జింక బొమ్మలా కదలదు. అదే జింక ముక్కుతో గట్టిగా చీదుతూ ముందుకాలు నేలకేసి కొడుతుంటే బండి ఆపండి. గిన్నెకోళ్లు, కోతులు ఉన్నట్టుండి గోల పెట్టినా అంతే. మన ఇళ్ల దగ్గర పిల్లిని చూసిన కాకుల గోల వింటూ పెరిగినవాళ్లకు ఈ భాష కొత్తది కాదు.

కళ్లతో వెతికేటప్పుడు కుడి నుంచి ఎడమకు వెతకండి. చదవడానికి అలవాటు పడిన కన్ను ఎడమ నుంచి కుడికి జారిపోతుంది. ఎదురు తిప్పితే ఆగి ఆగి చూస్తుంది. మొత్తం జంతువు కోసం చూడవద్దు. సింహం నిలబడితే మన ఒంగోలు ఎద్దు ఛాతీ దాకా వస్తుంది, మోకాటి ఎత్తు గడ్డిలో పడుకుంటే పూర్తిగా మాయమైపోతుంది. అప్పుడు గడ్డి పైన మిగిలేవి చెవులే, వాటి వెనక భాగం నల్లగా ఉంటుంది. గోధుమరంగు గడ్డిలో పక్కపక్కన రెండు నల్ల మచ్చలు, అవి ఒక్కసారి విదిలించుకుంటే సింహమే.

గడ్డి ఎత్తును బట్టి కూడా ఎక్కడ ఏముంటుందో చెప్పవచ్చు. ముదురు గడ్డి కొనలను చారల గుర్రాలు మొదట మేస్తాయి, తర్వాత వైల్డ్‌బీస్ట్‌లు, చివరకు మిగిలిన లేత చిగుళ్లు గజెల్ జింకలకు. చీతా ఎక్కువగా వేటాడేది ఆ చిన్న జింకలనే కాబట్టి గడ్డి పొట్టిగా ఉన్న విశాలమైన చోట పుట్టల మీద వెతకండి.

చిరుత, చీతా ఒకటి కావు. మనం చిరుతపులి అనేది నల్లమలలోనూ ఉంది: ఒంటి మీద గుత్తులుగా, పూలలాంటి మచ్చలు. చీతాకు విడివిడిగా నిండు చుక్కలు, కళ్ల మూల నుంచి నోటిదాకా కన్నీటి చారల్లా రెండు నల్ల గీతలు. దోర్నాల దగ్గర తుమ్మలబైలు సఫారీలో గుబురు చెట్ల మధ్య చిరుత కనపడటం అరుదు, మారాలోనూ తేలిక కాదు. కాకపోతే అక్కడ వెతకవలసిన చోటు చిన్నది: నదులు, వాగుల వెంట ఉండే చెట్ల వరుస. సొరకాయల్లాంటి పొడవాటి కాయలు వేలాడే కిజీలియా చెట్టు కనపడితే ఆపి, నేలకు సమాంతరంగా పోయే లావు కొమ్మలను మొదలు నుంచి చివరిదాకా ఒక్కొక్కటే చూడండి. కాయలన్నీ నిటారుగా, లావుగా వేలాడతాయి. వాటి మధ్య సన్నగా, కొస కాస్త పైకి వంకర తిరిగి ఒకటి వేలాడుతుంటే అది తోక. తోక నుంచి పైకి చూపు ఎత్తితే కొమ్మకు అటూ ఇటూ జారవిడిచిన కాళ్లు, ఆకుల నీడలో కలిసిపోయిన ఒళ్లు మెల్లగా విడివడతాయి. కొమ్మ పంగలో జింక కాళ్లు వేలాడుతుంటే ఇంకా మంచిది. చిరుత కనపడకపోయినా దగ్గరలోనే ఉంది, సాయంత్రం తిండికి తిరిగొస్తుంది. నాలుగింటికి మళ్లీ అక్కడికే రండి.

రేవు దగ్గర

మందలు మారా నది దాటే చోట్లను మన భాషలో రేవులనే అనాలి. ఏటేటా అవే రేవులు, ఒడ్డు గిట్టలకు అరిగి ఏటవాలుగా ఉంటుంది. దూరాన దుమ్ము తెర లేచి నది వైపు కదులుతుంటే అది వచ్చే మంద.

అక్కడికి చేరాక ఓపిక కావాలి. రెండు గంటలు, నాలుగు గంటలు, ఒక్కోసారి రోజంతా. మంద ఒడ్డుకు వచ్చి ఆగిపోతుంది. వెనకవి తోస్తుంటాయి, ముందువి కాళ్లు తన్నిపెట్టి నిలబడతాయి. తరచూ ఒక చారల గుర్రం నీటి దాకా దిగి, మూతి పెట్టి, ఉలిక్కిపడి వెనక్కి ఉరుకుతుంది. దాంతో వెయ్యి జంతువులు బెదిరి వెనక్కి మళ్లుతాయి. దుమ్ము ఒడ్డంతా కమ్ముకుంటుంది. మళ్లీ మెల్లగా చేరతాయి. ఇలా ఐదారు సార్లు. ఉన్నట్టుండి ఒకటి దూకుతుంది. దాని వెనక ఆగడం ఉండదు.

దాటడం ఆగిపోవడానికి మొసళ్లే కాదు, బండ్లూ చాలాసార్లు కారణమవుతాయి. ముందు చోటు పట్టుకోవాలని రేవు అంచుకు బండి తోస్తే, అద్దాల మెరుపుకు, ఇంజిను చప్పుడుకు మంద వెనక్కి పోతుంది. గంటల తరబడి కాచుకున్న అందరి ఎదురుచూపూ పాడవుతుంది, ఆ జంతువులు మళ్లీ అంత దూరం ఎండలో తిరగాలి. ఒడ్డు నుంచి రెండు మూడు వందల మీటర్లు వెనక, మంద వచ్చే దారి వదిలి ఆపమనండి. కొన్ని పదులు నీళ్లలో దిగి వరుస సాగాక అప్పుడు మెల్లగా ముందుకు పోవచ్చు. డ్రైవరు తొందరపడుతుంటే మీరే ఆపండి. దాటాక కూడా వెంటనే వెళ్లిపోకండి. తల్లిని తప్పిపోయిన దూడలు ఒడ్డున అరుస్తూ తిరుగుతాయి, తల్లులు వెతుక్కుంటూ కొన్నిసార్లు తిరిగి నదిలో దిగుతాయి. ఆ అరగంట చూడకుండా వచ్చేస్తే సగమే చూసినట్టు.

బండిలో నడవడిక

సింహం కంటికి బండీ అందులోని మనుషులూ కలిసి ఒకే పెద్ద ఆకారం. ఎవరైనా కప్పు మీదకెక్కినా, కిటికీలోంచి నడుం దాకా వంగినా ఆ ఆకారం విరిగి, అక్కడ మనిషి పుడతాడు. అప్పుడు అది పారిపోతుంది, లేదా మీదకొస్తుంది. గైడు ఆపమన్న చోట తప్ప కిందకు దిగకూడదు. ఇంజిను ఆపించండి, ఫోను మోగకుండా చూడండి. ఒక జంతువు చుట్టూ ఐదు బండ్లకు మించి ఉండకూడదని మారా నియమం. వేరేవాళ్లు కాచుకుని ఉంటే 10 నిమిషాల్లో చోటివ్వాలి. అలాంటి రద్దీలో చీతా ఉంటే చూడకుండా దాటిపోవడమే దానికి మనం చేసే మేలు. పగటిపూట వేటాడే జంతువు అది, బండ్లు మూగితే వేట తప్పుతుంది, పిల్లలు పస్తుంటాయి.

ఏనుగు చెవులు విప్పి, తల ఎత్తి, ఘీంకరిస్తూ రెండడుగులు వేసి ఆగితే అది బెదిరింపు. బండి నిశ్శబ్దంగా వెనక్కి తీస్తే సరిపోతుంది. చెవులు ఒంటికి అంటించి, తొండం ముడిచి, చప్పుడు లేకుండా వస్తుంటే అది నిజం, ఒక్క క్షణం కూడా ఆగకూడదు. గుంపులో గున్నలున్నప్పుడు తల్లికీ పిల్లకూ మధ్య బండి పోనివ్వవద్దు. ఇక క్యాంపు నది ఒడ్డున ఉంటే రాత్రిపూట కాపలా మనిషి తోడు లేకుండా గుడారం దాటకండి. నీటిగుర్రాలు మేతకు ఒడ్డెక్కేది అప్పుడే. వాటికీ నీటికీ మధ్య పడిన మనిషిని అవి వదలవు.

ఫొటోల గురించి క్లుప్తంగా. 400 మిల్లీమీటర్ల దాకా వెళ్లే జూమ్ చాలు. పరుగులో ఉన్నవాటికి షట్టరు సెకనులో వెయ్యో వంతు పెట్టండి. ట్రైపాడ్ బండిలో పనికిరాదు. ఇక్కడే దర్జీ దగ్గర జిప్పున్న గుడ్డ సంచి ఒకటి కుట్టించుకుని ఖాళీగా తీసుకెళ్లి, అక్కడ రెండు కిలోల బియ్యమో చిక్కుళ్లో పోసి కిటికీ అంచున పెట్టుకుంటే లెన్సు కదలదు. పది గంటలు దాటాక నేల మీద వేడి సెగ అలలాడుతుంది. దూరపు ఫొటోలు అప్పుడు ఎంత ఖరీదైన కెమెరాలోనూ మసకగానే వస్తాయి.

మూత్రం సంగతి ఎక్కువమంది, ముఖ్యంగా ఆడవాళ్లు, మొహమాటపడి అడగరు. నీళ్లు తాగడం మానేసి మధ్యాహ్నానికి తలనొప్పితో పడిపోతారు. గైడ్లకు ఇది రోజూ ఉండేదే. అవసరం కాకముందే చెబితే, పొదలు లేని బయలు చూసి, చుట్టూ తిరిగి పరీక్షించి బండి వెనక చోటు చూపిస్తారు. భోజనానికి ఆగినచోట డబ్బా తెరిచి పక్కన పెట్టకండి. కోతులే కాదు, గద్దలు కూడా చేతిలోని చపాతీని తన్నుకుపోతాయి.

చివరి రోజు గది ఖాళీ చేశాక 10 గంటల లోపు గేటు దాటకపోతే ఇంకో రోజు టికెట్టు కట్టించుకుంటారు, కాబట్టి ఆ పొద్దుటి సఫారీని గేటు వైపే పెట్టమనండి. డ్రైవరుకు ఇచ్చే డాలర్లు 2009 తర్వాత అచ్చయిన నోట్లు అయ్యుండాలి, అంతకన్నా పాతవి అక్కడ చాలాచోట్ల తీసుకోరు. పసుపు రంగు టీకా కార్డును మాత్రం పెద్ద సంచిలో సర్దకండి. చెన్నైలో దిగగానే, సామాను అందకముందే అడుగుతారు. పాస్‌పోర్టుతో కలిపి చేతి సంచిలో ఉంచుకోండి.